వయొలెట్‌కు పథ్యం

కాంపౌండరు గారు ఏ విషయంలోనూ అబద్ధమాడరు, ఒక్క ఆఫ్రికన్ వయొలెట్ల విషయంలో తప్ప. ఆ ఒక్క విషయంలో ఆయన నోట నిజం పలికించడం ఎవరి తరమూ కాదు.

తల నెరిసేదాకా ఒక డాక్టరు దగ్గర మందులు కలిపిన మనిషి. రిటైరయ్యాక మేడమీది వాటాలో గదినిండా బల్లలు వేసి, పైన ట్యూబులైట్లు వేలాడదీసి, అరచేతంత కుండీల్లో వయొలెట్లు పెంచుతున్నారు. ఖాళీ మందు సీసాలో నీళ్లు పోసి ఒక్క ఆకు నిలబెడితే చాలు, వేళ్లొచ్చి మరో మొక్క తయారు. నూగాకుల మధ్య ఊదా, గులాబి, తెల్ల పూలు. అడిగినవాళ్లందరికీ కుండీ ఊరికే ఇస్తారు. మందిచ్చిన అలవాటు కొద్దీ పథ్యం కూడా చెబుతారు. ఒకరికి చెప్పిన పథ్యం ఇంకొకరికి చెప్పరు.

వకీలు గారికి, "దీని దగ్గర గొంతు పెంచారో, మొగ్గలు రాలిపోతాయి" అన్నారు. దర్జీకి, "సిగరెట్ పొగ తగిలితే ఇక జన్మలో పూయదు" అన్నారు.

"బయట కాల్చి వస్తే?"

"నీ చొక్కా వాసన చూస్తుందది."

కింది వాటాలో వేరే కుటుంబం; ఆ ఇంటి కోడలు పగలంతా ల్యాబులో రక్తపరీక్షలు చేసి, ఇంటికొచ్చి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి నడుపుతుంది. కొడుకు తండ్రిని అడక్కుండా ఆయన పాత స్కూటర్ని తుక్కుకి వేసినప్పట్నుంచీ మామగారికీ అతనికీ మాటల్లేవు. "ఫ్యాను ఆపమను మీ ఆయన్ని." "పేపరు ఇస్తారేమో అడుగు నాన్నని." ముగ్గురూ కూర్చునేది ఒకే గదిలో.

విసుగెత్తి ఆవిడ ఒకరోజు మేడెక్కి మొక్క అడిగింది. కాంపౌండరు గారు కళ్లజోడు పైనుంచి చూశారు.

"మీ ఇంట్లో మగాళ్లెందరమ్మాయ్?"

"ఇద్దరు. మొక్కకీ మగాళ్లకీ ఏంటండీ సంబంధం?"

"ఉంది. నీళ్లు ఒకరు పెట్టాలి, కుండీ ఇంకొకరు తిప్పాలి. రెండూ ఒకే చెయ్యి చేస్తే మొగ్గ వెయ్యదు. నువ్వు మాత్రం వేలు పెట్టకు."

"ఎక్కడ రాసుందండీ ఇది?"

"మందిచ్చేటప్పుడు కాంపౌండర్ని ఎవరైనా పుస్తకం చూపించమంటారా?"

మామగారికి పూలంటే ప్రాణం. కొడుక్కి మొదలుపెట్టింది వదలడం చేతకాదు. కొన్నాళ్లు నీళ్లూ, తిప్పడమూ కూడా ఎక్స్‌ఛేంజి ద్వారానే నడిచాయి. ఒకరోజు కోడలు స్నానానికెళ్లింది. మామగారికి గత్యంతరం లేకపోయింది.

"తిప్పడం అయిందా?" అన్నారు గోడతో.

"అయింది" అంది గోడ, కొడుకు గొంతుతో.

నాలుగాకుల చాటున మొగ్గ కనిపించేసరికి గోడ కూడా తప్పుకుంది. "ఆకుల మీద నీళ్లు పోస్తే మచ్చలొస్తాయి నాన్నా!" "నువ్వు సరిగ్గా తిప్పకే ఒకవైపు వాలిందిరా!" పోట్లాటే, కానీ నేరుగా. పువ్వు విచ్చేదాకానైనా ఇది నిలిస్తే చాలనుకుంది కోడలు.

నిలిచేలా కనిపించలేదు. మెట్ల మీద తగిలిన వకీలు గారికి మామగారు తమ ఇద్దరి చేతుల పథ్యం సంగతి చెప్పారు.

"మా మొక్కని నేనొక్కణ్ణే చూస్తానండీ. గుత్తులు గుత్తులు పూసింది. గొంతు పెంచకూడదంతే."

"గొంతా? మేం అరుచుకుంటుంటేనే మొగ్గేసిందే!"

"మరి పొగో?" అన్నాడు అటే వస్తున్న దర్జీ.

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు.

మామగారు తుఫానులా ఇంట్లోకొచ్చారు. "ఒరేయ్, ఆ కాంపౌండరు మనిద్దర్నీ వెధవల్ని చేశాడ్రా!"

"మనల్నా? పద నాన్నా, తేల్చుకుందాం."

కోడలు చేతిలో పని వదిలేసి వాళ్ల వెనకే పరుగెత్తింది.

కాంపౌండరు గారు తాపీగా వాడిన పువ్వొకటి తుంచారు. "అవునండీ, అబద్ధమే. కిటికీ వెలుగు, అడుగునుంచి గోరువెచ్చటి నీళ్లు. ఇంతోటి దానికి ఒక్కరు చాలు. ఆ ఒక్కరూ ఎవరో మీరే చూసుకోండి."

కోడలు కళ్లు మూసుకుంది.

"ఎవరేంటి, నేనే" అన్నారు మామగారు. "వీడి చేతికిస్తే స్కూటర్ గతే పడుతుంది."

"ఇంకా ఆ స్కూటరేనా? అదెప్పుడు నడిచింది నాన్నా? రోజూ నేను తొయ్యడమేగా!"

"తోసేవాడివిరా. సందు చివరిదాకా తోసేవాడివి" అని మామగారు ఫక్కున నవ్వారు. మొక్క ఎవరిదన్న దెబ్బలాట తెగకుండానే తండ్రీకొడుకులు మెట్లు దిగిపోయారు.

కోడలు గుమ్మంలోనే నిలబడింది. "ఎంత అబద్ధాలకోరండీ మీరు!"

"నీకూ ఒకటివ్వనా అమ్మాయ్, నీ సొంతానికి?"

"దాని పథ్యం ఏంటో?"

కాంపౌండరు గారు బల్లలన్నీ వెతికి ఊదారంగుది తీశారు. "ఇది కాస్త మొండి రకం. రోజూ సాయంత్రం తలుపేసుకుని, కాళ్లు చాపుకుని, దీని పక్కన అరగంట ఒక్కదానివే కూర్చోవాలి. ఎవరు పిలిచినా పలక్కూడదు. పలికావో, పూయదు."

ఆవిడ కుండీని రెండు చేతులా అందుకుని, ఆకులు ఎత్తి ఎత్తి పరీక్షగా చూసింది.

"అరగంట ఏం సరిపోతుందండీ? దీని వాలకం చూస్తే గంట పట్టేలా ఉంది."