రెండు త్రిభుజాల నక్షత్రం

మైదాపిండి ఉడికిన వాసన ఎక్కడ తగిలినా నాకు క్రిస్మస్ వచ్చేసినట్టే. మొన్న పటాన్‌చెరులో గోడకు పోస్టర్లు అంటించేవాళ్ల బకెట్ లోంచి ఆ వాసన రాగానే, కూరగాయల సంచితో రోడ్డు మీదే నిలబడి, డెబ్బైలనాటి సంగారెడ్డిలోకి, మా పెంకుటింటి వసారాలోకి వెళ్లిపోయాను.

డిసెంబరు చలి, లోపల అమ్మ వేయించే గరిజెల కమ్మదనం, చాప మీద వెదురు బద్దలు, ఎర్ర పతంగి కాగితాలు, వాటిని అంటించడానికి ఉడికించిన మైదా బంక, మధ్యలో నాన్న చెల్లెలు సుగుణత్త! చిన్నబడి టీచరు కదా, నక్షత్రం కట్టడం కూడా ఆమెకు పాఠమే. రెండు త్రిభుజాలను ఒకదాని మీద ఒకటి తిప్పి కడితే నక్షత్రం అవుతుంది. అయితే ఒక్కో త్రిభుజానికి లెక్క కుదిరితేగాని ముడి వేసేది కాదు. ఒక గింజ నుంచి ఆరు గింజల దాకా ఆరు చింతగింజల కుప్పలు. మూలకొకటి, ప్రతి పక్క నడుమ ఒకటి పెట్టాలి. ఏ పక్క కూడినా ఒకే లెక్క రావాలి.

మొదటి త్రిభుజం కుదిర్చినవాళ్లు తాడు లాగి నక్షత్రాన్ని పైకెత్తాలి. రెండోది కుదిర్చినవాళ్లు అందులో దీపం పెట్టాలి. ఆ దీపం కోసం నా ప్రాణం కొట్టుకుపోయేది. కానీ కూడిక అంటేనే నాకు ఏడుపు. ఆ సంగతి మా అన్న వాడకట్టంతా చాటింపు వేశాడు.

అన్న చిన్న కుప్పలు మూలలకు పెట్టి చిటికెలో అన్ని పక్కలా తొమ్మిది తెప్పించాడు. తాడు వాడిదైపోయింది.

"ఇగ రెండోదాంట్ల తొమ్మిది రావద్దు, వేరే లెక్క గావాలె," అంది అత్త.

అన్న తల గోక్కుంటుంటే, నేను కుప్పలు లాక్కుని పెద్దవన్నీ మూలల్లో పెట్టేశాను.

"పిచ్చిదానా, మూలకున్నది రెండు దిక్కుల కలుస్తది. గట్ల పెడ్తె లెక్క ఉబ్బిపోతది!" అని వాడు పడీపడీ నవ్వాడు.

"ఉబ్బనీ, నీకేంది!" అన్నాను రోషంగా.

ఆరుకీ అయిదుకీ నడుమ మూడు పెడితే పద్నాలుగు. ఇంకోపక్క పదే! పెద్దవాటి మధ్యకు చిన్నదే రావాలని అప్పుడు తట్టింది. మూడు తీసి ఒకటి పెట్టి, వేళ్లు మడిచి కూడాను. పన్నెండు. రెండోపక్క పన్నెండు. మూడోపక్క కూడా పన్నెండే!

"వచ్చింది అత్తా!" అని అరిచిన అరుపుకు గరిజెల గరిటెతోనే అమ్మ పరుగెత్తుకొచ్చింది. ఆ సాయంత్రం నేను దీపం పెట్టాను, మొహం మాడ్చుకుంటూనే అన్న తాడు లాగాడు. ఎర్రటి వెలుగు వీధిలో పడింది. అంత సంతోషం మళ్లీ ఏ పరీక్ష పాసైనా కలగలేదు.

ఇప్పుడు అత్త లేదు, ఆ వసారా లేదు. నక్షత్రం ప్లాస్టిక్‌ది, స్విచ్ వేస్తే వెలుగుతుంది. చింతపండు కూడా గింజ లేకుండానే ప్యాకెట్లో వస్తుంది. అందుకే నిన్న, కూడికలంటే ఏడుస్తున్న మా మనవరాలికి నేలమీద సుద్దతో త్రిభుజం గీసి పల్లీలు పోశాను. ఆరు పల్లీల కుప్పను తోసుకుంటూ తెచ్చి మూలకు పెట్టింది.

"గిట్ల తప్పా అమ్మమ్మా?"

"నాకేం తెల్సు? కూడి సూడు," అన్నాను, నవ్వు ఆపుకుంటూ.