జవాబు రాని బజ్జీలు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. పిల్లలకి పాఠం అర్థం కాలేదంటే తప్పు పిల్లలదీ కాదు, పాఠానిదీ కాదు, కళ్లకు కట్టేట్టు చూపించకపోవడమేనని. ఇరవై రెండేళ్ల వయసులో ఇలాంటి నమ్మకాలు జలుబు పట్టినంత సులువుగా పట్టుకుంటాయి. జలుబు వారంలో తగ్గుతుంది గాని, ఇవి తగ్గాలంటే నలుగురిలో ఒకసారి బాగా ఇరుక్కోవాలి. నేను ఇరుక్కున్న వైనం ఇది.

మాది వేటపాలెం. మా నాన్న జీడిపప్పు కార్ఖానాలో గుమాస్తా. నా బీటెక్ అయిన ఏడాదే ఒంగోలు దాటాక పొలాల మధ్య ఉన్న ఒక పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ నెట్‌వర్కులు చెప్పే ఉద్యోగం దొరికింది. దొరికిందంటే పూర్తిగా దొరకలేదు, కొన్నాళ్లు చూసి నచ్చితే ఉంచుకుంటామన్నారు. (మా అమ్మ ఆ రెండో ముక్క వినిపించుకోకుండా వీధి వీధంతా చెప్పేసింది.) నాకున్న లోపమల్లా గొంతు. అది మూడో బెంచీ దాటేది కాదు. వెనక బెంచీల వాళ్లు నన్ను ‘మూగ మేడం’ అనుకునేవాళ్లట. ఆ సంగతి చివరికి కాలేజీ యజమాని చెవిన పడింది. మిర్చి వ్యాపారంలో సంపాదించి కాలేజీ పెట్టిన మనిషి ఆయన. అందరూ పెద్దాయన అనేవాళ్లు. మర్నాడు మధ్యాహ్నం నా క్లాసులో వచ్చి కూర్చుంటాననీ, విన్నాక ఉంచుకోవాలో వద్దో తేలుస్తాననీ కబురు పంపారు.

మర్నాటి పాఠం, ఒక కంప్యూటరు పంపిన సమాచారం తీగ వెంబడి రెండో కంప్యూటరుకి క్షేమంగా ఎలా చేరుతుందన్నది. దారిలో అది చెడిపోవచ్చు, అసలు చేరకనే పోవచ్చు. అందుకని అవతలిది ప్రతి ముక్కకీ ‘అందింది’ అని జవాబివ్వాలి. కాసేపటికీ జవాబు రాకపోతే ఇవతలిది అదే ముక్క మళ్లీ పంపాలి. ఇంతే. దీన్ని బోర్డు మీద గీతలు గీసి చెబితే అన్నం తిని వచ్చిన పిల్లలు నిద్రపోతారు. అందుకని, గొంతు లేని నేను, గొంతున్న వాడితో ఆడించి చూపిద్దామనుకున్నాను.

పొదిలి కుర్రాడొకడు ఉండేవాడు, వాడు మామూలుగా మాట్లాడితేనే పక్క క్లాసులో పాఠం ఆగేది. వాణ్ణి మైకు అని పిలిచేవాళ్లు. వాణ్ణి రెండో అంతస్తు వరండాలో నిలబెట్టాను. సన్నగా పొడుగ్గా ఉండే ఇంకొకడికి (వాడు కొంగ) తెల్ల చేతిరుమాలు ఇచ్చి, కింద ఆవరణ అవతల ఉన్న క్యాంటీన్ ముందు నిలబడమన్నాను. మైకు పైనుంచి ఆర్డరు అరుస్తాడు. కొంగ దాన్ని క్యాంటీన్ బాబాయ్‌కి చెప్పి, అందినట్టు రుమాలు పైకెత్తుతాడు. రుమాలు కనిపించకపోతే మైకు మళ్లీ అరుస్తాడు. ఈ పద్ధతిలో ఒక చిక్కుంది, కానీ దాని విరుగుడు తర్వాతి పాఠంలో వస్తుంది కదా అని మర్నాటికి అట్టేపెట్టాను.

పెద్దాయన ఇంకా రాలేదు. ఆయన వచ్చేలోపు ఒకసారి సరిచూసుకుందామని “ఒక టీ” అని అరిపించాను. అవతల రుమాలు లేచింది. క్లాసంతా చప్పట్లు కొట్టింది. నా ఉద్యోగం ఖాయమైపోయిందనుకున్నాను. ఆ ఊపులో “ఒక ప్లేటు మిరపకాయ బజ్జీ” అని అరవమన్నాను.

సరిగ్గా అప్పుడే ప్రహరీ అవతల కల్లంలో ఆరబోసిన మిరపకాయల్ని కూలీలు తిరగెయ్యడం మొదలుపెట్టారు. గాలి ఇటు మళ్లింది. కొంగ ఆర్డరు విన్నాడు, బాబాయ్‌కి చెప్పాడు, రుమాలు ఎత్తబోయాడు, తుమ్మాడు. రుమాలు ముక్కు దగ్గరే ఆగిపోయింది. పైనున్న మాకు జవాబు కనిపించలేదు. మైకు విధేయుడు, మళ్లీ అరిచాడు. కొంగ మళ్లీ చెప్పాడు, మళ్లీ తుమ్మాడు. నేను పిల్లలవైపు తిరిగి, చూశారా, జవాబు రాకపోతే ఇలాగే పట్టు వదలకుండా పంపుతూ ఉండాలి అని గర్వంగా వివరిస్తున్నాను. మధ్యాహ్నం బేరం లేక ఈగలు తోలుకుంటున్న బాబాయ్ ఆర్డరు వచ్చినప్పుడల్లా సంతోషంగా ఇంకో వాయి వేస్తూనే ఉన్నాడు.

ఈలోగా ఘాటు మా అంతస్తుకీ ఎక్కింది. క్లాసంతా దగ్గుతుండగా పెద్దాయన వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. ఆయన ఒక్కరే దగ్గలేదు. ఏం జరుగుతోందని అడిగారు. చెప్పాను. వినపడలేదన్నారు. మళ్లీ చెప్పాను. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, “ఇంకొంచెం గట్టిగా చెప్పమ్మా” అన్నారు. అటు మైకు, ఇటు దగ్గులు, పైగా భయం. అన్నీ కలిసి నాలోంచి ఎక్కడిదో ఒక గొంతు బయటికొచ్చింది. పాఠం మొత్తం, మొదటినుంచీ, కిటికీ రెక్కలు అదిరేట్టు చెప్పాను. మైకు అరవడం మానేసి వెనక్కి తిరిగి నన్నే చూశాడు.

అప్పుడే గుమ్మంలోకి కొంగ, వాడి వెనక పెద్ద పళ్లెంతో బాబాయ్ వచ్చారు. పళ్లెంలో బజ్జీలు కుప్పగా ఉన్నాయి. కొంగ కళ్లు మిరపపండ్లలా ఉన్నాయి. నా మొహం దాదాపు అదే రంగులో ఉండి ఉంటుంది.

“ఇన్నెందుకు తెచ్చార్రా?” అని పెద్దాయన అడిగారు.

“వీడు అన్నిసార్లు అడిగాడు సార్,” అని బాబాయ్ కొంగని చూపించాడు.

“మొదటిసారే నువ్వు రుమాలు ఎత్తలేదా?”

“ఎత్తాను సార్,” అన్నాడు కొంగ. “ముక్కుకి.”

క్లాసు గొల్లుమంది. పెద్దాయన మాత్రం నవ్వకుండా, దీనికి విరుగుడేమిటో చెప్పమని పిల్లల్ని అడిగారు. రుమాలు రెండుండాలని ఒకడు, కల్లం మార్పించాలని ఒకడు అన్నారు. ఆఖరి బెంచీలో ఒకమ్మాయి ఉండేది, హాజరుకి తప్ప నోరు విప్పగా నేను చూడలేదు. ఆ అమ్మాయి లేచి నిలబడింది.

“ఆర్డరుకి నంబరు పెట్టాలి సార్. అదే నంబరు మళ్లీ వస్తే బజ్జీ వెయ్యక్కర్లేదు. రుమాలు మాత్రం మళ్లీ ఎత్తాలి.”

నేను మర్నాటికి దాచిన పాఠం అదే. పుస్తకంలో రెండు పేజీలుంది, ఆ అమ్మాయి మూడు ముక్కల్లో తేల్చేసింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. (ఘాటు వల్ల అని అందరికీ చెప్పాను.)

పెద్దాయన ఒక బజ్జీ తీసుకుని, మిగతావి క్లాసుకి పంచమన్నారు. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి, “రేపట్నుంచి కిందంతస్తులో చెప్పుకోమ్మా, పాపం ఆ అరిచేవాడి గొంతు పోతుంది,” అన్నారు. రేపట్నుంచి అన్నారంటే ఉద్యోగం ఉన్నట్టేనని నాకు అర్థం కావడానికి బస్సెక్కి సగం దూరం వెళ్లాల్సి వచ్చింది. అర్థమయ్యాక ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే, పక్కసీటు ముసలావిడ జరిగి కూర్చుంది.

ఇప్పుడు నేను గుంటూరులో పెద్ద కాలేజీలో ఉన్నాను. కొత్తగా ఉద్యోగానికొచ్చే వాళ్ల పాఠం విని, తీసుకోవాలో వద్దో చెప్పే వాళ్లలో నేనూ ఒకదాన్ని. ముందున్న కాగితంలో గొంతుకి ఇన్ని మార్కులు, క్రమశిక్షణకి ఇన్ని అని గళ్లుంటాయి, అన్నీ శ్రద్ధగా నింపుతాను. ఒక్కోసారి ఎవరో అమ్మాయి చీర కుచ్చిళ్లు మళ్లీ మళ్లీ సర్దుకుంటూ నిలబడితే, ఆనాటి నేనే ఇలా ఎదురుగా నిలబడితే ఎన్ని మార్కులు వేసేదాన్నా అని ఆలోచిస్తాను. ఎటు కూడినా ఉద్యోగం వచ్చేన్ని రావడం లేదు.