ఉపేంద్రకు అందని జవాబు

హోసూరు నెట్ కంపెనీ ఉద్యోగంలోంచి తీసేసిన రోజున మత్తిగిరి పవిత్ర ఏడవలేదు. పైఅధికారి ఉపేంద్ర ముఖాన్ని మాత్రం బాగా చూసి పెట్టుకుంది.

జనం ఫోన్లో సైటు పేరు కొడితే దాని అడ్రసు వెతికి తెచ్చే డీఎన్ఎస్ మెషీన్ ఆ కంపెనీలో ఉపేంద్ర చేతిలో ఉండేది. ఆ అడ్రసు చెప్పాల్సిన అవతలి సర్వర్ పలకకపోతే ఆ సంగతి కాసేపు గుర్తుంచుకోవాలని, మళ్లీ అడిగే ముందు ఎడం పెంచుకుంటూ పోవాలని పవిత్ర చెప్పి చూసింది. అతను వినలేదు. ఒకసారి పూల మార్కెట్ వాళ్ల సర్వర్ నీరసిస్తే, ఇతని మెషీన్ ఊపిరి తీసుకోనివ్వకుండా అడిగి అడిగి దాన్ని పూర్తిగా పడగొట్టింది. నెట్ కంపెనీ ఓనరు హనుమంతప్ప నిలదీశాడు. "సెట్టింగు మార్చింది పవిత్రే సార్" అన్నాడు ఉపేంద్ర, కన్నార్పకుండా. ఆమె ఉద్యోగం పోయింది ఆ మాటతోనే.

పవిత్ర పట్టుబట్టి ఆ పూల మార్కెట్లోనే ఉద్యోగం సంపాదించింది. అప్పుడు పడిపోయిన సర్వర్ ఇప్పుడు ఆమెది. తన సర్వర్ ఎప్పుడు కాస్త తడబడినా ఉపేంద్ర మెషీన్ ఇంకా అలాగే మీదపడుతోంది. అతనేమీ నేర్చుకోలేదన్నమాట.

గులాబీల గిరాకీ జోరందుకున్న ఫిబ్రవరిలో, ఒక పొద్దున, ఆ ఒక్క మెషీన్ ప్రశ్నలను పారేయమని తన సర్వర్‌కు చెప్పింది. లోకమంతటికీ జవాబులు పోతున్నాయి, ఉపేంద్రకు తప్ప. ఆ పైన ఆమె ఏమీ చేయనక్కరలేకపోయింది. దొరకలేదన్న సంగతి గుర్తుంచుకోని అతని మెషీన్ ప్రతి కస్టమరు కోసమూ మళ్లీ మొదటినుంచి అడిగింది. ఎదురుచూపులతోనే నిండిపోయి, మిగతా సైట్ల అడ్రసులు కూడా తేలేక చతికిలబడింది. పవిత్ర తాపీగా టీ తాగింది.

మధ్యాహ్నానికి హనుమంతప్ప ఉపేంద్రను వెంటబెట్టుకుని పూల మార్కెట్‌కు వచ్చాడు.

"ఏమమ్మా పవిత్రా, మా లైను మీదనే ఏం పగ?"

"మీ మీద కాదు సార్. పోయినసారి ఆ సెట్టింగు ఎవరు పెట్టిందో ఆయన్నే చెప్పమనండి. ఈడ, అందరి ముందర."

ఉపేంద్ర నేల చూశాడు. "నేనే పెట్టినాను."

"గట్టిగా, సార్."

"నేనే పెట్టినాను! ఆయమ్మ వద్దనే అనింది."

పవిత్ర అతని లాప్‌టాప్ తెరిపించి, అతని చేతే కొట్టించింది. దొరకని పేరును మొదట కొన్ని సెకన్లు గుర్తుంచుకోవాలి. మళ్లీ దొరకకపోతే ఆ గడువు రెట్టింపు. ఐదు నిమిషాలు మాత్రం దాటకూడదు.

"దాటితే, బాగైన సర్వర్ కూడా మీకు చచ్చినట్టే కనిపిస్తుంది సార్" అంది.

తను చెప్పినదల్లా అతను కొడుతుంటే ఆమెకు హాయిగా ఉంది. ఆ తర్వాతే అడ్డు తీసింది.

అప్పుడు వచ్చింది గులాబీలు పండించే ఉద్దనపల్లి కాళమ్మ, బకెట్ నిండా విచ్చిపోయిన గులాబీలతో. ఆమె ఫోనుదీ హనుమంతప్ప లైనే. మార్కెట్ సైటులో జరిగే పొద్దుటి వేలం ఆమెకు అందలేదు.

"మీ జగడంలో నా పూలు ఏం చేసినాయమ్మా?"

పవిత్ర హాయి చప్పున చల్లారింది. "తప్పు నాదే అక్కా" అని, బకెట్ తానే మోసుకుపోయి, బస్టాండు దగ్గర దండలు కట్టేవాళ్లకు సాయంత్రానికల్లా అమ్మిపెట్టింది.

మర్నాడు హనుమంతప్ప ఫోన్ చేశాడు. "వచ్చేయమ్మా. ఉపేంద్రను పంపించేస్తాను."

"నేను రాను సార్. ఆయన్ని పంపించొద్దండి కూడా. ఆడనే ఉండనీండి. దినామూ నా సర్వర్‌ని అడగాల, నేను జవాబిస్తేనే ఆయన పని జరగాల" అంది పవిత్ర.