ఐసు గదిలో ఊలు చేతులు

చలికి ఒంటి మీద ఊలు వేసుకునే మనుషులుంటారని పాఠ్యపుస్తకాల్లో చదివి నమ్మిన రోజులవి. ముత్తుకూరు దగ్గర సముద్రపు గాలిలో పెరిగిన మేము పుష్యమాసంలో కూడా విసనకర్ర వదిలేవాళ్ళం కాదు. చైనా యుద్ధమప్పుడు మా బావ (మేనత్త కొడుకు, నాకు నిశ్చయమైన వాడు) పటాలంలో, ఎక్కడో మంచుకొండల మీద ఉండేవాడు. చేతులు కొంకర్లు పోతున్నాయని ఉత్తరం రాశాడు. అది చదివి నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. స్వెట్టరు అల్లి పంపాలని నిశ్చయించుకున్నాను.

నెల్లూరులో ఊలు సాయిబు అని అందరూ పిలిచే ముసలాయన అంగట్లో రెండు రకాలుండేవి. ఒకటి వర్‌స్టెడ్, నున్నగా మెరుస్తూ ఉండేది. రెండోది బొచ్చుబొచ్చుగా, చూస్తే ముఖం తిప్పుకునేట్టుండేది. నేను మెరిసేదే కావాలన్నాను. "అది పొడుగు పోగులు దువ్వి గట్టిగా పురిపెట్టింది అమ్మణ్ణీ, సూట్లకు బాగుంటాది. చలికి ఈ పొట్టి పోగుల ఊలే మేలు. లోపల గాలి నిలబడి వెచ్చగా ఉంటాది. ఉడుకునీళ్ళు మాత్రం తగలనీబాకు, ముడుచుకుపోతాది" అన్నాడాయన. ఖరీదైనది వెచ్చగా ఉండకుండా ఎట్లా పోతుందని నా మంకుపట్టు. రెండూ కొని, ఒక్కో రకంతో ఒక్కో చెయ్యి అల్లి, రెండూ తొడుక్కుని, మా చిన్నాన్న మేస్త్రీగా ఉన్న ఐసు ఫ్యాక్టరీకి పోయి, చేపల పెట్టెలు దాచే గదిలో కూర్చున్నాను. "ఏం పాపా, చేపలకు కోట్లు కుడతా ఉండావా?" అని చిన్నాన్న నవ్వాడు. పావుగంటకు వర్‌స్టెడ్ చెయ్యి జిల్లుమంది, బొచ్చు చెయ్యి వెచ్చగానే ఉంది. ఓడిపోయి, గెలిచిన ఆ చేతికే మిగతా స్వెట్టరంతా అల్లి కలిపాను. నాలుగు పేజీల ఉత్తరంతో పంపాను. అందులో ఉడుకునీళ్ళ మాట తప్ప అన్నీ రాశాను (ఏం రాశానో ఇప్పుడు చెప్పను).

సెలవు మీద వచ్చిన బావ సంచిలోంచి స్వెట్టరు తీసి నా ముందు పెట్టాడు. మూడేళ్ళ పిల్లాడికి సరిపోయేట్టుంది. "ఒక చెయ్యి చేపల కంపు కొడతా ఉండాదని మావోళ్ళు ఎగతాళి చేసినారు. ఉడుకునీళ్ళలో ఏసి ఉతికినా" అన్నాడు. మా ఊరి ముక్కులకు అదొక వాసనని తెలిస్తే గదా. నాకు ఏడుపొచ్చింది. "ఒక్కరోజన్నా ఏసుకున్నావా బావా?" అని అడిగాను.

"రెండు నెల్లు ఇప్పలేదు. ఉతికినాకే చలేసింది. కంపు పోయినాక మనూరు ఇంకా దూరమైనట్టుండింది" అన్నాడు.

ఆ బుడ్డ స్వెట్టరు ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. అప్పుడప్పుడు తీసి ఆ చెయ్యి వాసన చూస్తాను (ఎవరూ లేనప్పుడే). ఏమీ రాదు. ఉడుకునీళ్ళ మాట రాసి ఉంటే బావ నోట ఆ మనూరి మాట వినేదాన్ని కాదు గదా అనుకుని, పందొమ్మిదేళ్ళ ఆ మొండిపిల్లను క్షమించేస్తాను.