పదకొండో నంబరు రాయి

నా చిన్నప్పుడు మా మయూర్ విహార్ ఫ్లాట్లో దివాన్ కింద రాళ్ళుండేవి. దుప్పట్లు పెట్టుకోవాల్సిన చోట ఈ రాళ్ళేమిటని అమ్మ రోజూ సణిగేది. అవి మా పిన్నివి. అమ్మ చెల్లెలు, మా ఇంట్లోనే ఉండి, రోజూ రెండు బస్సులు మారి యూనివర్సిటీకి వెళ్ళి, హిమాలయాల రాళ్ళ మీద పరిశోధన చేసేది. మెట్రో ఇంకా మా వైపు రాలేదప్పటికి.

ఆ ఏడు వానలు తగ్గాక పిన్ని ఒక లోయలో కింద నుంచి పైకెక్కుతూ పన్నెండు రాళ్ళు సుత్తితో పగలగొట్టి తెచ్చింది. అన్నిటికంటే కింద దొరికినదానికి ఒకటి, అన్నిటికంటే పైన దొరికినదానికి పన్నెండు అని మార్కరుతో నంబర్లు వేసింది. భూమిలో లోతుకు పోయేకొద్దీ వేడెక్కువ కదా, అక్కడ మాత్రం పైకెళ్ళేకొద్దీ ఎక్కువ కాలిన రాళ్ళుంటాయట. దోసె తిరగేస్తే కాలిన వైపు పైకొచ్చినట్టు, అనేది. రాళ్ళ నిండా కందిపప్పు గింజలంత ఎర్రటి గార్నెట్లు. గింజ నడుమ ఏ లోహం ఎంతుంది, అంచున ఎంతుంది అని కొలిస్తే ఆ రాయి ఎంత లోతుకు దిగి, ఎంత వేడికి ఉడికి, మళ్ళీ కొండగా పైకొచ్చిందో తెలుస్తుందట. ఆ కొలిచే మెషీన్ దగ్గర పిన్నికి వంతు రావడానికి నెలలు పట్టింది. దీపావళి ముందు శుక్రవారం ఐదింటిలోపు రాళ్ళు యూనివర్సిటీలో వాటిని పలచగా కోసే గదికి అందాలి. అందకపోతే వంతు పోయినట్టే.

సరిగ్గా ఆ శుక్రవారమే నేను వాటిని కడిగాను. కాలనీ అంతా దీవాలీ సఫాయీలో, ఇళ్ళు దులిపి కడిగే పనిలో, మునిగి ఉంది. అమ్మా నాన్నా ఆఫీసుకు వెళ్ళారు, నాకు స్కూలు సెలవు. పిన్ని వచ్చేసరికి రాళ్ళు తళతళలాడాలనుకున్నాను. సంచుల్లోంచి అన్నీ తీసి, సంచుల్ని సబ్బునీళ్ళలో నానేసి, రాళ్ళని గిన్నెలు తోమే బ్రష్షుతో రుద్దాను. అవి అభ్రకం రాళ్ళు. రుద్దేకొద్దీ మెరిసే పొరలు ఊడి వచ్చాయి. బకెట్లో నీళ్ళు భలే మిలమిలలాడుతున్నాయని సంబరపడ్డాను కూడా. బాల్కనీలో ఆరబెట్టాక చూసుకుంటే ఒక్క రాయి మీదా నంబరు లేదు. పొరలతో పాటే పోయాయి. సంచుల మీద రాతలూ పోయాయి.

పదేళ్ళ పిల్లని, కానీ మొద్దునేం కాదు. పైకెళ్ళేకొద్దీ ఎక్కువ కాలుతుందని పిన్నే చెప్పిందిగా. ఎక్కువ కాలితే గార్నెట్లూ పెద్దవవుతాయనుకుని, చిన్నగా ఉన్నవి ముందు, పెద్దగా ఉన్నవి వెనక, వరసగా పేర్చి మార్కరుతో నంబర్లు వేసేశాను. అన్నిటికంటే పెద్ద గార్నెట్లున్న రాయికి పదకొండు వేశాను. పన్నెండు వేస్తే మరీ అనుమానం వస్తుందని. అంత దొంగబుద్ధి నాకెక్కణ్ణుంచి వచ్చిందో.

రెండింటికి పిన్ని వచ్చింది. రాళ్ళు చూసి, అరె కడిగావా బంగారం, అని నా తల నిమిరి గబగబా బ్యాగులో సర్దడం మొదలుపెట్టింది. కింద ఆటో ఆగి ఉంది. తిట్టి ఉంటే నోరు మూసుకునేదాన్నేమో. తల నిమిరిందే, అది భరించలేకపోయాను. జిప్పు మూస్తుంటే ఆ చెయ్యి పట్టుకుని, నంబర్లు నావి పిన్నీ, అన్నాను.

పిన్ని నేల మీద కూలబడింది. ఆటో వాడు రెండుసార్లు హారన్ కొట్టాడు. తర్వాత కిటికీ దగ్గరికెళ్ళి, "దస్ మినట్ రుకో భయ్యా" అని అరిచి, నోటుబుక్కూ లోయలో తీసిన ఫొటోలూ తెచ్చి రాళ్ళన్నీ మళ్ళీ బయటికి తీసింది.

నేను ఏడుస్తూనే నా వరస ఎలా వేశానో చెప్పాను. పిన్ని వింటూ ఆగిపోయింది. తను వేసినా అలాగే వేసేదట. ఆ వరసతోనే ఇచ్చేస్తే ఎవరికీ తెలియదు, వాళ్ళ సారుక్కూడా. పెద్ద గార్నెట్ల రాయిని చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. ఇచ్చేస్తుందనే అనుకున్నాను. ఇచ్చేస్తే బాగుండునని దేవుళ్ళకి మొక్కుకున్నాను కూడా.

"వరస నిజమో కాదో తేల్చుకుందామనేగా వీటిని తెచ్చాను," అంది చివరికి. "నేనే వరసలో పెట్టి, చూశారా వరసలోనే ఉన్నాయి అంటే ఎలాగే?"

సుత్తి దెబ్బ గుర్తునో, ఫొటోలో కనబడే తెల్ల చారనో పట్టుకుని ఐదు రాళ్ళ నంబర్లు తేల్చింది. మిగిలిన ఏడింటి మీద నా అంకెలు కొట్టేసి 'తెలియదు' అని రాసింది. పెద్ద గార్నెట్ల రాయి మీదా అదే. ఐదు రాళ్ళు పట్టుకుని ఆటో ఎక్కింది. నన్ను ఒక్క మాటా అనలేదు, కానీ వారం దాకా సరిగా మాట్లాడలేదు. మంచుకు మూసుకునే ఆ కొండదారి మళ్ళీ ఎండాకాలానికి గాని తెరుచుకోదు. పరిశోధన ఏడాది వెనకబడింది. నా వల్లే.

జూన్‌లో పిన్ని మళ్ళీ ఆ లోయకి వెళ్ళింది, ఆ పెద్ద గార్నెట్ల రాయిని మోసుకుని మరీ. తను ఇదివరకు సుత్తితో కొట్టిన చోటల్లా ఆగి ఆనించి చూసిందట. పదకొండు దగ్గర పొసగలేదు. దిగుతూ వస్తుంటే నాలుగో నంబరు రాయి కొట్టిన చోట, బండ విరిగిన గుంటలో, అతికినట్టు కూర్చుంది. అంత కాలిన రాయి అంత కింద ఉండకూడదు. కొండ అక్కడ తెగి, పై ముక్క కిందికి జారిందని ఆ రాయి వల్లే తేలింది. పిన్ని థీసిస్‌లో ఓ అధ్యాయమంతా దాని గురించే.

ఇప్పుడు నేను నోయిడాలో రక్తపరీక్షల ల్యాబులో చేస్తున్నాను. తల సగం నెరిసింది. మొన్న రక్తం తీసిన ఒక గొట్టం మీద పేరు చెరిగిపోయింది. ట్రేలో మిగిలింది అదొక్కటే, జాబితాలో మిగిలిన పేరూ ఒక పెద్దాయనది ఒక్కటే, ఎవరిదో ఊహించడం కష్టమేం కాదు. ఐనా ఫోన్ చేసి ఆ పెద్దాయన్ని రక్తం ఇవ్వడానికి మళ్ళీ రప్పించాను. ఆయన కూతురు నన్ను నానా మాటలూ అంది, పడ్డాను. నా బల్ల మీద ఆ రాయి ఉంది. పిన్నే ఇచ్చింది. దాని మీద కొట్టేసిన నా పదకొండు, కింద పిన్ని రాసిన 'తెలియదు', ఆ కింద తర్వాత తను వేసిన నాలుగు, ఈ మూడు రాతలూ ఇంకా కనబడుతున్నాయి. దాన్ని నేను కడగను.