మెడ దాకా కాలరు

దర్జీ అక్క మెడ కొలత తీసుకునేటప్పుడు టేపు కాస్త వదులు చేస్తుంది. అణుబాంబు పరీక్షల దుమ్ము పడిన ఊరది; ఇంటికొకరి మెడ మీద థైరాయిడ్ ఆపరేషన్ గాటు ఉంది. అందుకే అందరికీ ఎత్తు కాలర్లే కుడుతుంది. "నాకంటే డాక్టరే ఎక్కువ కుట్లు వేశాడు" అని నవ్వుతుంది. మొన్న జబ్బుల సర్వేకొచ్చిన అధికారి ఊడిన కోటు బొత్తాం కుట్టించుకుంటూ, "పరీక్షలు ఆగి నలభై ఏళ్ళయిందమ్మా, ఇంకా ఎక్కడి జబ్బులు?" అన్నాడు. అక్కకు ఒళ్ళు మండిపోయింది. దారం పళ్ళతో పుటుక్కున కొరికి, మిషను మీదున్న స్కూలు యూనిఫాం తీసి అతని ఒళ్ళో పడేసింది.

"ఇది వేసుకునే పిల్లకి పన్నెండేళ్ళు. నిన్ననే ఆస్పత్రి నుంచి వచ్చింది. కాలరు రెండు వేళ్ళు పెంచమంది వాళ్ళమ్మ. ఆగిందన్నారే, ఏది ఆగింది సార్?"