సాల్మన్ రాజు పెట్రోలు బాకీ

సాల్మన్ రాజు మెదక్‌లో ఒక చిన్న అప్పుల కంపెనీకి వసూళ్ల మనిషి. మంజీర మీది మంచు ఇంకా లేవకముందే బండి మీద పాపన్నపేట ఊళ్లకు పోయి వారం వారం కిస్తీలు తెచ్చేవాడు. తడిసిన వరిచేల వాసన చొక్కాకు పట్టి ఇంటిదాకా వచ్చేది. మనిషి మెత్తన, గొంతు పెంచడం చేతకాదు. కలిసి అప్పు తీసుకున్న ఆడవాళ్ల గ్రూపులో ఒక్కరు కట్టకపోయినా అందరినీ కూర్చోబెట్టాలన్న కంపెనీ రూలు ఒక్కటే ఆయన బలం. వాళ్లతోపాటు తానూ కూర్చునేవాడు. పొయ్యి మీద అన్నం మాడే వేళకు ఎవరో ఒకరు ఆ కిస్తీ సర్దేవారు.

ఇంత మెత్తని మనిషితో వసూళ్లు సాగవని కంపెనీ ఆయన్ను తీసేసింది.

ఆయన చేతి నుంచి పెట్టుకున్న మూడు నెలల పెట్రోలు డబ్బు మాత్రం తిరిగి ఇవ్వలేదు. అది ఆయన భార్య ఎలిశిబా, కుట్టు మిషన్‌కు మోటారు పెట్టించుకుందామని జాకెట్లు కుట్టి దాచుకున్న డబ్బు.

“నీ బండికైతే పెట్రోలు పోస్తి. నా కాళ్లకెవలు పోస్తరు?” అంది మిషన్ తొక్కుతూనే.

ఆఫీసుకు పోతే మేనేజరు కరుణాకర్ “వచ్చే వారం రా అన్నా, జర టైట్ ఉంది” అనేవాడు. ఒక్కోసారి లోపలే ఉండి లేడనిపించేవాడు. ఈ జవాబులన్నీ సాల్మన్ రాజు ఇన్నేళ్లూ గుమ్మాల ముందు విన్నవే. ఇప్పుడు ఫ్యాను కింద నుంచి వస్తున్నాయి, అంతే.

ఒకరోజు బజార్లో ఐలమ్మ కలిసింది. పాపన్నపేట గ్రూపుకు లీడరు. సంగతి విని పడీ పడీ నవ్వింది.

“మా ఇండ్లల్ల మస్తు కూసుంటివి గద సారూ! గాడ కూసోరాదు?”

“ఒక్కణ్ని కూసుంటే బయటికి నూకుతరమ్మా.”

“ఒక్కనివెందుకు?”

కిస్తీ రోజున గ్రూపు ఆడవాళ్లంతా ఆటో దిగి, సాల్మన్ రాజును వెంటబెట్టుకుని ఆఫీసు గచ్చు మీద కూర్చున్నారు. కొంగు ముడుల్లో డబ్బుంది. కరుణాకర్ చేయి చాచాడు.

“ఆగుండ్రి సారూ,” అంది ఐలమ్మ. “గ్రూపుల ఒక్కరి బాకి ఉన్నా ఎవ్వలు లేవద్దని మీ రూలే గదా. ఈ సారు బాకి ఉన్నది.”

“ఈయన మీ గ్రూపా?”

“ఇయ్యాల్టి సంది.”

హెడ్డాఫీసుకు ఫోన్లు పోయాయి. అన్నాల వేళ దాటేసరికి డబ్బు వచ్చింది. కరుణాకర్ దాన్ని చేతిలో పెడుతూ నిజంగానే ఆశ్చర్యపోయాడు: “గింత మంచిగ రికవరీ చేస్తవు, నౌకరి ఎట్ల పోగొట్టుకుంటివన్నా?”

బయటికి రాగానే ఐలమ్మ ఆటో కిరాయి అడిగింది.

“వచ్చే వారం...” సాల్మన్ రాజు నోట దానంతటదే వచ్చింది.

ఐలమ్మ చీర సర్దుకుని మెట్టు మీద కూర్చుంది. ఆమె పక్కన మిగతావాళ్లు.

రానూపోనూ కిరాయి ఇచ్చి, మిగిలింది తెచ్చి ఎలిశిబాకు ఇచ్చాడు.

“ఉత్త కిరాయేనా? వాళ్లకు చాయన్న తాగియ్యకపోయినవా!” అని కసిరి, ఆమె మోటారు కోసం చెప్పులు వేసుకుంది.